దారానికి వేలాడిన బంతి

బార్నీ టూమీకి ఒక మీసం ఉండేది. జరిగిన అనర్థానికంతటికీ మూలం అదే కాబట్టి ముందుగా దాని సంగతే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ట్రాయ్ ఊళ్ళో మీసం లేని మగాడు కనిపిస్తే వాడు పాదిరీ అయినా అయ్యుండాలి, మంగలితో గొడవైనా పెట్టుకుని ఉండాలి. అంతమంది మీసాల మధ్య కూడా తన మీసం వేరే జాతిదని బార్నీ గట్టి నమ్మకం. రోజూ పొద్దున్న మైనం రాసి, కొసలు రెండూ మెలిపెట్టి, అద్దంలో కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి చూసుకుని, అప్పుడు గాని మేడ దిగేవాడు కాదు. అప్పటికి కింద ఓట్స్ జావ చల్లారి, చెంచా నిలబెడితే నిలబడేలా తయారై ఉండేది.

అతని వృత్తి బేస్‌బాల్. ట్రాయ్ జట్టులో రెండో బేస్ దగ్గర నిలబడి, తన వైపు వచ్చిన బంతిని ఒట్టి చేతులతో ఆపడం. ఏళ్ళ తరబడి ఆపీ ఆపీ వేళ్ళన్నీ అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగిపోయాయి. ఆటగాడిగా అతను గొప్పవాడేమీ కాదు, తీసిపారేయాల్సినవాడూ కాదు. పేపరువాళ్ళు మంచి ఆట ఆడినవాళ్ళ పేర్లూ చెడ్డ ఆట ఆడినవాళ్ళ పేర్లూ రాసి, చివర్లో చోటు మిగిలితే టూమీ కూడా ఆడాడని రాసేవాళ్ళు.

బస మిసెస్ హెన్నెసీ ఇంట్లో. ఆవిడ విధవరాలు. భర్త పైపు నోట్లో పెట్టుకునే నిద్రపోయి, పరుపుతోపాటు సగం ఇంటినీ తగలబెట్టుకుని పోయాడు. మిగిలిన సగంలో ఆవిడ గదులు అద్దెకిచ్చేది. పొగాకు వాసన వస్తే చాలు, మనిషి పెట్టె వీధిలో ఉండేది. ట్రాయ్ మొత్తం మీద పొగ సోకని కొంప అదొక్కటే అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు, కొంచెం జాలిగా.

ఆవిడ కూతురు డీలియా. కిటికీ దగ్గర కూర్చుని చొక్కా కాలర్లకి గుండీ కాజాలు కుట్టేది. వారానికోసారి కట్టకట్టి ఫ్యాక్టరీలో ఇచ్చి వచ్చేది. సూది ఎంత వేగంగా నడిచేదో నోరు అంతకన్నా వేగం. బార్నీ ఆ ఏడు, అంటే 1888లో, వసంతకాలం రాగానే ఇంటి మెట్ల మీద కూర్చుని, ధైర్యం తెచ్చుకుని, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగేశాడు.

డీలియా దారం కొరికి ఉమ్మేసి, "చూద్దాం. ఆకు రాలే కాలానికి మీ ఆటలైపోతాయి కదా, అప్పుడు చెప్తా" అంది.

వాళ్ళమ్మ మాత్రం అంతకాలం ఆగలేదు. ఆ సాయంత్రమే బంగాళాదుంపలు వడ్డిస్తూ, "బంతాట ఆడేవాడికి పిల్లనిస్తారుటయ్యా ఎక్కడైనా? ఊళ్ళో పరువు గల మనిషి అనిపించుకో ముందు" అనేసింది.

అక్కడ నోరు మూసుకుని దుంపలు తిని ఉంటే సరిపోయేది. బార్నీ మూసుకోలేదు.

"నా పరువుకేం తక్కువమ్మగారూ! నా బొమ్మ అచ్చేస్తున్నారు తెలుసా? సిగరెట్ పెట్టెల్లో పెడుతున్నారు. దేశమంతా చూస్తుంది."

"సిగరెట్ పెట్టెలోనా! ఛీ ఛీ!"

"మరి జనరళ్ళ బొమ్మలు కూడా అందులోనే వేస్తున్నారండీ. జడ్జీలవీ, గవర్నర్లవీ."

మిసెస్ హెన్నెసీ గరిటె ఆగింది. ఆవిడ అన్నగారు యుద్ధంలో ఒక జనరల్ గుర్రానికి నీళ్ళు పెట్టాడు. "జనరళ్ళవి కూడానా?" అని కాసేపు ఆలోచించి, "సరే. ఆ బొమ్మేదో రానీ. చూశాక మాట్లాడదాం" అంది.

ఆ విధంగా బార్నీకి రావలసిన పెళ్ళిచూపులు ఒక అట్టముక్క మీద జరగబోతున్నాయని తేలింది. అతను చాలా సంతోషించాడు. బొమ్మ దిగడంలో తనకి సాటి ఎవరు!

జట్టు మొత్తాన్ని ఓ పొద్దున్న విట్‌లాక్ స్టూడియోకి పిలిచారు. మేడ మీద గది, పైన అద్దాల కప్పు, వెనక చెట్లూ మబ్బులూ వేసిన తెర, కింద పచ్చగడ్డి అనుకోవలసిన తివాచీ. ఎగిరే బంతి ఫొటోలో మసకలా పడుతుంది కాబట్టి పైకప్పుకి ఉన్న కొక్కేనికి దారం కట్టి, దారం చివర బంతి వేలాడదీస్తారు. ఆటగాడు చేతులు చాపి, అప్పుడే దాన్ని అందుకుంటున్నట్టు నిలబడాలి. దారం సంగతి అచ్చువేసేటప్పుడు చూసుకుంటామన్నారు సిగరెట్ కంపెనీవాళ్ళు. ముందు వంతువాళ్ళందరూ వచ్చారు, పైకి చూశారు, బంతి కింద దోసిలి పట్టారు, పోయారు. జట్టు కెప్టెన్ క్రౌజ్ అయితే తలకి దువ్వెన కూడా పెట్టుకోకుండా వచ్చి, రెండు నిమిషాల్లో పని ముగించుకుని బీరు తాగడానికి వెళ్ళిపోయాడు. అతన్ని చూసి బార్నీ జాలిపడ్డాడు కూడా.

బార్నీ వంతు వచ్చింది. తల కదలకుండా మెడ వెనక ఇనప కొక్కెం బిగించారు.

"బంతిని చూడండి" అన్నాడు విట్‌లాక్ నల్లగుడ్డలోంచి.

బార్నీ బంతిని చూశాడు. పైకి చూస్తే గడ్డం లేచింది. గడ్డం లేస్తే మీసం మీద ముక్కు నీడ పడుతుందని అద్దం దగ్గర అతనికున్న అనుభవం చెప్పింది. ఈ బొమ్మ ఎవరి చేతికి వెళ్తుంది? డీలియా చేతికి. డీలియాకి ముక్కు రంధ్రాలు చూపించి పెళ్ళి చేసుకోమని అడగాలా? సరిగ్గా ఆఖరి క్షణంలో తల విడిపించుకుని, కెమెరా కంట్లోకి నేరుగా చూసి, చిరునవ్వు నవ్వాడు. ఏళ్ళ తరబడి పట్టిన చేతులు కదా, బంతిని చూడకపోయినా పట్టేస్తాయన్న ధీమాతో వేళ్ళు కూడా మూశాడు.

"అయిపోయింది" అని విట్‌లాక్ గుడ్డలోంచి బయటికొచ్చాడు. బంతిని చూశాడు. బార్నీని చూశాడు. ఏదో అనబోయాడు. బయట ఇంకా నలుగురు ఆటగాళ్ళు కాచుక్కూర్చున్నారు.

"బాగా వచ్చిందాండీ?" అన్నాడు బార్నీ.

"మీసం బ్రహ్మాండంగా వచ్చింది" అన్నాడు విట్‌లాక్. అందులో అబద్ధమేమీ లేదు.

ఎండలు ముదిరే వేళకి బొమ్మలు వచ్చాయి. రివర్ స్ట్రీట్‌లో చుట్టలూ సిగరెట్లూ అమ్మే జెల్లర్ అనే జర్మనాయన బార్నీని దుకాణం ముందు చూసి, చేతులూపుకుంటూ బయటికే వచ్చేశాడు. పాపం ఆయనకి ఆటలో ఓనమాలు కూడా తెలీవు.

"మిస్టర్ టూమీ! మీరొచ్చారు! ఓల్డ్ కమడోర్ సిగరెట్ పెట్టెలోంచి మీరే వచ్చారు!" అని బొటనవేలంత అట్టముక్క చేతిలో పెట్టాడు.

బార్నీ చూసుకున్నాడు. మీసం నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. మీసం కింద నవ్వూ బాగుంది. కానీ చేతులు రెండూ రొమ్ము ముందు గాలిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బంతి చెవి పక్కన హాయిగా వేలాడుతోంది. బంతి నుంచి బొమ్మ పైఅంచు దాకా, నిటారుగా, ఉట్టికి కట్టినట్టు దారం. చెరిపేవాడు చెరపడం మర్చిపోయాడు. కింద నల్లటి అక్షరాల్లో: టూమీ, రెండో బేస్, ట్రాయ్.

"ఇందులో మీరేం చేస్తున్నారండీ? దోమని కొడుతున్నారా?" అన్నాడు జెల్లర్, నిజంగానే తెలుసుకుందామని.

బార్నీకి తల కొట్టేసినట్టయింది. పరుగెత్తే బంతి పట్టలేకపోతే ఆట అంటారు. ఎగిరే బంతి పట్టలేకపోతే ఎండ కళ్ళలో పడిందంటారు. దారం కట్టి, కదలకుండా, చేతికందేంత దూరంలో వేలాడదీసిన బంతిని వదిలేసినవాణ్ణి ఏమనాలో అతనికే తోచలేదు. దేశమంతా చూస్తుందని తనే చెప్పుకున్నాడు మరి.

ఆ సాయంత్రం మిసెస్ హెన్నెసీ క్యాబేజీ వడ్డిస్తూ, "ఏమయ్యా టూమీ, నీ బొమ్మ వచ్చిందా?" అంది.

"లేదండీ. పడవ ఆలస్యమైందిట."

"సిగరెట్లు రైల్లో కదూ వస్తాయి?" అంది డీలియా.

"రైలు కూడా ఆలస్యమైంది."

మర్నాడు రాత్రికల్లా అచ్చు యంత్రం విరిగింది. ఆ తర్వాత రంగుల మనిషికి జబ్బు చేసింది. వారం తిరిగేసరికి ఎక్కడో వంతెన కూలి బోగీ నదిలో పడిపోయింది. డీలియా ప్రతి సాయంత్రం అడిగేది, అతను ప్రతి సాయంత్రం ఒక కొత్త విపత్తు తెచ్చేవాడు. ఆమె తల వంచుకుని కాలర్ల మీదికి మరీ దగ్గరగా ఒంగి కుట్టుకునేది. చూపు దెబ్బతింటోందేమోనని బార్నీ బెంగపెట్టుకున్నాడు.

ఇక ఏం చెయ్యాలి? డీలియా ఆట చూడ్డానికి రాదు, అమ్మ పంపదు. ఇంట్లోకి పొగాకు రాదు. ఊళ్ళో ఉన్న బొమ్మల్ని తనే ఏరిపారేస్తే సరి అనుకున్నాడు. ఊరు ఎంత ఉందో, అందులో సిగరెట్లు కాల్చేవాళ్ళు ఎంతమందో ఆలోచిస్తే ఆ ఉపాయం అక్కడే ఆగిపోయేది. కానీ అంత దూరం ఆలోచించేవాడైతే స్టూడియోలో బంతినే చూసేవాడు.

జీవితంలో ఒక్క దమ్ము లాగినవాడు కాదు. అలాంటి బార్నీ జెల్లర్ దుకాణానికి ఆట ముందొకసారి, ఆట తర్వాతొకసారి వెళ్ళి ఓల్డ్ కమడోర్ పెట్టెలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. పెట్టె విప్పితే గాని లోపల ఎవరున్నారో తెలీదు. తలుపు గడియపెట్టి, మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పేవాడు. జనరళ్ళు వచ్చారు. పక్షులు వచ్చాయి. మేజోళ్ళు కనిపించేలా కూర్చున్న నాటకాల అమ్మాయిలు వచ్చారు, వాళ్ళని చూసి సిగ్గుపడి దిండు కింద పెట్టాడు. షికాగో జట్టులోని లావాటి ఆసామీ ఒకడు పదేపదే వచ్చాడు. ప్రతిసారీ వాడి చేతుల మధ్య బంతి బంగారంలా ఇమిడి ఉండేది. తన బొమ్మ మాత్రం ఎప్పుడో గాని తగిలేది కాదు. అందుకు సంతోషించాలి కదా? బార్నీ సంతోషించాడు. తర్వాత కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆ లావాటివాడివి అన్ని వేసి తనవి ఇంత తక్కువ వేయడం ఏమిటని మండిపోయాడు. ఆ తర్వాత తను ఏమనుకుంటున్నాడో తనకే అర్థమై, దిండులో ముఖం పెట్టుకున్నాడు. అక్కడ నాటకాల అమ్మాయిలు ఉన్నారు.

విప్పడానికి ఓపిక చాలని పెట్టెలు మంచం కింద ట్రంకులో పడేసేవాడు. ట్రంకు నిండిపోయింది. ఒక్కోసారి అది తరిగినట్టు అనిపించేది గాని, తనే ఎక్కువ ఊహించుకుంటున్నాడని సర్దుకునేవాడు. తన లెక్కల మీద అతనికి నమ్మకం లేదు. ఇంట్లో వేరే మార్పేమీ లేదు. మిసెస్ హెన్నెసీ ఈమధ్య పంటి నొప్పి అని లవంగాలు నములుతోంది. వాన కురుస్తున్నా సామాన్ల గది కిటికీ తెరిచి ఉంచుతోంది, అంతే.

మైదానంలో మాత్రం మహా మార్పు వచ్చింది. ట్రాయ్ జనం చెడ్డవాళ్ళు కాదు, కానీ ఇనప కొలిమిలో వారమంతా మగ్గి శనివారం నవ్వుకోడానికి వస్తారు. వాళ్ళకి బార్నీ దొరికాడు. ఒకడు చేపలు పట్టే గాలానికి బంగాళాదుంప కట్టి, కంచె మీంచి అతని నెత్తి మీదుగా ఊపాడు.

"టూమీ! దారం తెచ్చాం, కట్టమంటావా?"

"ఊరుకున్నదాన్నే పట్టలేనివాడు ఉరికొచ్చేదాన్నేం పడతాడ్రా!"

"వాణ్ణేమీ అనకండ్రా, పాపం కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు!"

చివరి మాట అన్నవాడెవడో గాని, గుండెలో సూటిగా దిగింది. ఎందుకంటే అది నిజం.

అప్పటినుంచి బంతి గాల్లోకి లేస్తే చాలు, బార్నీ కళ్ళు దాని మీద కాకుండా దాని పైకి పోయేవి, దారం ఉందేమోనని. దారం లేదని నిర్ధారించుకునే లోపల బంతి కాళ్ళ దగ్గర దొర్లుతూ ఉండేది. ఆల్బనీ జట్టు మీద ఆటలో అలా రెండు వదిలేశాడు. జనం నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. క్రౌజ్ దగ్గరికి వచ్చి, "ఒరేయ్ బార్నీ, ఆకాశంలో ఏం పోగొట్టుకున్నావురా?" అన్నాడు. బార్నీ టోపీ కళ్ళ మీదికి లాక్కుని మళ్ళీ బేస్ దగ్గరికి నడిచాడు.

ఇంతలో జెల్లర్ దుకాణానికి కంపెనీ మనిషి వచ్చాడు. ఇంత చిన్న ఊళ్ళో ఓల్డ్ కమడోర్ ఇన్ని పెట్టెలు ఎలా అమ్ముడుపోతున్నాయని ఆరా తీశాడు. జెల్లర్ నిజాయితీపరుడు. "అంతా మిస్టర్ టూమీ బొమ్మ చలవండీ! స్వయానా ఆయనే వచ్చి చంకనిండా పట్టుకుపోతాడు" అన్నాడు. కంపెనీ మనిషి రెండో ముక్క వినలేదు, మొదటి ముక్క రాసుకుని పోయాడు.

సెప్టెంబరులో ఒక శనివారం, ఇంకో ఓటమి తర్వాత, క్రౌజ్ బార్నీ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "జట్టు పెద్దలు నీకు సెలవిచ్చెయ్యమన్నార్రా. నవ్వించేవాడు కావాలంటే సర్కస్ నుంచి తెచ్చుకుంటాం అన్నారు. నేను చెప్పి చూశాను" అన్నాడు. ఆ మొరటు మనిషి కళ్ళలో నీళ్ళు కనిపించేసరికి బార్నీ ఒంగి బూట్ల తాళ్ళు విప్పుకోసాగాడు. ఇన్నేళ్ళుగా చేసిన పని అది ఒక్కటే. వేళ్ళు కూడా ఆ పనికే వంకరపోయాయి, ఇక వేరే దేనికీ పనికిరావు.

బూట్లు మెడలో వేలాడేసుకుని రివర్ స్ట్రీట్ మీదుగా నడుస్తుంటే జెల్లర్ దుకాణం ముందు గుంపు కనిపించింది. అద్దం వెనక తలుపంత బొమ్మ నిలబెట్టి ఉంది. తలుపంత బార్నీ. గుమ్మడికాయంత బంతి, పడవ కట్టే తాడంత దారం, మోచేతి పొడుగున మీసం. జెల్లర్ గర్వంగా, "కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా చేయించి పంపారు!" అన్నాడు. బార్నీ కాసేపు నిలబడి చూశాడు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా, మీసం మాత్రం దివ్యంగా ఉందని అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు తనని తను తన్నుకోవాలనిపించింది.

సోమవారం డీలియా కాలర్ల కట్ట పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళేది ఈ వీధిలోంచే. కూల్చడానికి ఇక వంతెనలు మిగల్లేదు.

భోజనాల దగ్గర ఆ పూట ముగ్గురే ఉన్నారు. మిగతా అద్దెవాళ్ళు శనివారం కదా, బారుకి పోయారు. బార్నీ కూర్చోకుండా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, నన్ను జట్టులోంచి తీసేశారు."

మిసెస్ హెన్నెసీ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. డీలియా తలెత్తింది.

"రెండోది, బొమ్మ వచ్చింది. ఎప్పుడో వచ్చింది. రైలు, వంతెన, అన్నీ అబద్ధాలే. మీకు చూపించడానికి ముఖం చెల్లలేదు. ఇక పరువు గల మనిషి అన్న మాట మర్చిపోండి. అది... అసలేం బాగా రాలేదు."

అతని దిగాలు ముఖం చూసి మిసెస్ హెన్నెసీ మనసు కరిగింది. ఆవిడ మనసు కరగడం అరుదు, కరిగినప్పుడు నోటి మీద అదుపుండేది కాదు.

"దానికింత బాధెందుకయ్యా! బంతి చెవి పక్కకి పోయింది, దారం కనబడింది, అంతేగా! ముఖం శుభ్రంగానే ఉంది కదా."

బార్నీ కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా తలెత్తాడు.

"నేనింకా చూపించలేదు కదండీ" అన్నాడు బార్నీ.

డీలియా ఫోర్కు కింద పెట్టింది. "అమ్మా. నువ్వెక్కడ చూశావు?"

"ఎక్కడో... ఆ... చర్చి దగ్గర."

"చర్చి దగ్గర సిగరెట్ పెట్టె ఎవరి దగ్గరుంది?"

"ఫాదర్ దగ్గర..."

"ఫాదర్ ముక్కుపొడుం పీలుస్తారమ్మా. నీకు పంటి నొప్పి ఎలా ఉంది?"

మిసెస్ హెన్నెసీ ముఖం ఎర్రబడింది. ఆవిడ గిన్నె దించి, నడుం మీద చేతులు పెట్టింది. "గది తుడుద్దామని వెళ్తే ట్రంకు మూత లేచి ఉంది. నా ఇంట్లో పొగాకు దాస్తే జప్తు చేసే హక్కు నాకు లేదూ? చేశాను. చేసి తగలబెట్టాను."

"ఒక్కొక్కటే" అంది డీలియా. "నోట్లో పెట్టుకుని."

బార్నీ కుర్చీలో కూలబడ్డాడు. ట్రాయ్ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆ బొమ్మ వెళ్ళగలదు, ఈ ఒక్క ఇంటికి తప్ప. ఈ ఇంట్లోకి దానికి దారే లేదు. తనే దాన్ని చంకలో పెట్టుకుని, మెట్లెక్కించి, ట్రంకులో భద్రంగా పెట్టి, కాబోయే అత్తగారికి అందించాడు. ఇంత తెలివి కెమెరాకి దొరకలేదు గాని, దొరికితే అది కూడా తలుపంత బొమ్మ చేయించదగ్గదే.

డీలియా లేచి కిటికీ దగ్గర దారపుండల బుట్ట తెచ్చింది. అడుగునుంచి గుప్పెడు అట్టముక్కలు తీసి బల్ల మీద పరిచింది. "అమ్మ వీటిని పిండి డబ్బాలో దాచింది. ఎండాకాలంలోనే దొరికాయి నాకు."

"ఎండాకాలంలోనా! మరి రోజూ వచ్చిందా వచ్చిందా అని అడిగావు కదా!"

"నువ్వెంత దూరం పోతావో చూద్దామని. వంతెన కూలిందన్న రోజు నవ్వాపుకోలేక కాలరు కుడుతూ సూది వేలికి గుచ్చుకున్నాను."

బార్నీ తలవంచుకున్నాడు. ఇంకేముంది, ఇప్పుడు వద్దంటుంది. అనాలి కూడా. తను డీలియా అయితే ఇలాంటివాణ్ణి మెట్ల మీదనుంచి తోసేసేవాడు.

డీలియా మాత్రం బొమ్మల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. "ఇదిగో మీ క్రౌజ్. పైకి చూస్తున్నాడు. ఈ షికాగో లావాటాయన, పైకే. వీడూ పైకే. అందరికీ బంతే కావాలి. నువ్వొక్కడివే దాన్ని వదిలేశావు." తర్వాత ఆమె గొంతు తగ్గింది. "ఇందులో ఎవరిని చూస్తున్నావు బార్నీ?"

ఇన్నాళ్ళూ పూటకో అబద్ధం అలవోకగా చెప్పినవాడికి ఆ పూట ఒక్కటీ తట్టలేదు.

"నిన్ను" అన్నాడు. ఆ మాట గాల్లో ఉండగానే అది పూర్తి నిజం కాదని గుర్తొచ్చింది. "అంటే... సగం నిన్ను. సగం మీసం కోసం."

డీలియా అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఎండాకాలమంతా కాలర్లలో దాచుకున్న నవ్వంతా బయటికొచ్చింది. "సగం చాల్లే" అంది. "రేపు ఆదివారమే కదా, ఫాదర్‌తో మాట్లాడు."

"అదేమిటే!" అంది మిసెస్ హెన్నెసీ. "ఆట పోయింది, ఉద్యోగం లేదు, ఊరంతా నవ్వుతోంది..."

"ఫాదర్‌తో ఇంకేమైనా మాట్లాడమంటావా అమ్మా? పంటి నొప్పి గురించి?"

మిసెస్ హెన్నెసీ గిన్నె మళ్ళీ ఎత్తుకుంది. "దుంపలు వేసుకోవయ్యా టూమీ, చల్లారిపోతున్నాయి. మొదటినుంచీ నేనంటూనే ఉన్నాను, కుర్రాడు బుద్ధిమంతుడని."

ఉద్యోగం జెల్లర్ ఇచ్చాడు. అద్దంలో బొమ్మ ఉంది కాబట్టి బల్ల వెనక మనిషి కూడా ఉంటే బాగుంటుందన్నాడు. వచ్చినవాళ్ళు ముందు బొమ్మని చూసి, తర్వాత బార్నీని చూసి, సిగరెట్ పెట్టె ఎగరేసి "పట్టు టూమీ!" అనేవాళ్ళు. అతను పట్టేవాడు, దాదాపు ప్రతిసారీ. పట్టలేనప్పుడు వాళ్ళకంటే ముందు తనే నవ్వేవాడు. శనివారం సాయంత్రం అత్తగారికని పాత పేపర్లో చుట్టిన చిన్న పొట్లం ఒకటి ఇంటికి పట్టుకెళ్ళేవాడు. అడిగినవాళ్ళకి తేయాకు అని చెప్పేవాడు.

పెళ్ళి ఫొటోకి మళ్ళీ విట్‌లాక్ మేడే ఎక్కారు. అవే చెట్లు, అవే మబ్బులు, అదే తివాచీ. కప్పుకి కొక్కెం కూడా అలాగే ఉంది, చిన్న దారపు ముక్క ఇంకా వేలాడుతోంది. విట్‌లాక్ బార్నీని గుర్తుపట్టి, మెడ వెనక ఇనప కొక్కెం తన చేతులతో బిగించాడు, రెండుసార్లు.

"ఈసారి పొరపాటు వద్దు మిస్టర్ టూమీ. కెమెరానే చూడండి. ఇంకెటూ వద్దు."

"అలాగేనండీ" అన్నాడు బార్నీ, మీసం సవరించుకుని. ఆ పొద్దున్న అద్దం ముందు అతను గడిపిన సేపటికి జావ గడ్డకట్టడం కాదు, రాయైపోయి ఉంటుంది.

విట్‌లాక్ గుడ్డలో తల దూర్చాడు. డీలియా కెమెరా కేసి నిటారుగా చూస్తూ నిలబడింది. తలమీది తెల్లటి మేలిముసుగు అంచు ఆమె చెంప మీద కదిలింది. ఆమె ఊపిరి బిగబట్టి ఉంది. భయపడుతోందని బార్నీకి అప్పుడు తెలిసింది. అంత నోరున్న పిల్ల, తనలాంటివాడి పక్కన నిలబడటానికి భయపడుతూ కూడా వచ్చి నిలబడింది. అతని తల ఎప్పుడు పక్కకి తిరిగిందో అతనికే తెలీదు.

నాలుగు రోజుల తర్వాత ఫొటో చేతికిస్తూ విట్‌లాక్ నీళ్ళు నమిలాడు. అందులో డీలియా ప్రపంచాన్నంతా సూటిగా చూస్తోంది. పక్కనున్న పెళ్ళికొడుకు ఆమెనే చూస్తున్నాడు, నోరు కొంచెం తెరిచి, ఒక చెవీ ఒక చెంపా మాత్రం కనబడేలా.

"క్షమించాలి మిస్టర్ టూమీ. కావాలంటే మళ్ళీ తీస్తాను. మీసం సగమే పడింది."

బార్నీ ఫొటోని వెలుతురు దగ్గరికి పట్టుకుని చూశాడు.

"సగం చాలండీ" అన్నాడు.